వానలో చూడాల్సిన ఊళ్లు: ఉష్మాల్, పలెంకే

మెక్సికోలో మాయా శిథిలాలు, అంటే మాయా అనే జాతి జనం పాత రోజుల్లో కట్టి వదిలేసిన ఊళ్లు, చూడ్డానికి వెళ్తున్నామని ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే: నవంబర్ దాటాక వెళ్లండి, వానల్లో పోతే తడిసి ముద్దవడం తప్ప చూసేదేమీ ఉండదు అని. మా అక్కకీ నాకూ సెలవులు కలిసింది మాత్రం సెప్టెంబర్‌లో. అక్కడ మే చివరి నుంచి అక్టోబర్ దాకా వానాకాలం, అందులో సెప్టెంబర్ అంటే బాగా ముదిరిన నెల, కరీబియన్ వైపు నుంచి తుఫాన్లు వచ్చేది కూడా అప్పుడే. టెన్షన్ పడుతూనే టికెట్లు తీసుకున్నాం. తిరిగొచ్చాక నా అభిప్రాయం మాత్రం గట్టిగా ఏర్పడిపోయింది, వీలైతే ఈ ఊళ్లని వానలోనే చూడాలి. ఎండలో ఇవి అందమైన రాతి కట్టడాలు, అంతే. వాన మొదలయ్యాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయో కాసేపు నిలబడి గమనిస్తే, కట్టినవాళ్లు రాత్రీపగలూ దేని గురించి ఆలోచించారో తెలుస్తుంది.

ముందు మెక్సికో తూర్పు కొసన ఉన్న యుకటాన్ ద్వీపకల్పం వైపు వెళ్లాం. అక్కడి మెరిడా నగరంలో రూం తీసుకుని అక్కడి నుంచి చుట్టుపక్కల తిరిగాం. ఈ ప్రాంతం గురించి ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి: యుకటాన్ ఉత్తర భాగంలో నేల మీద పారే నదులు లేవు. వాన దండిగానే పడుతుంది, కానీ కిందంతా సున్నపురాయి కాబట్టి పడిన నీళ్లు పడినట్టే రాతి పగుళ్లలోంచి లోపలికి పోతాయి. లోపల గుహలు, ఆ గుహల్లో నీళ్లు. ఎక్కడైనా గుహ పైకప్పు కూలితే అక్కడ ఒక పెద్ద బావి తనంతట తానే తెరుచుకుంటుంది. వాటినే సెనోటెలు అంటారు. అక్కడి పాత ఊళ్లు చాలావరకు వీటి పక్కనే పుట్టాయి.

చిచెన్ ఇత్సా అనే పాత మాయా నగరానికి కూడా వెళ్లాం. కుకుల్కాన్ పిరమిడ్ 30 మీటర్ల ఎత్తు, నాలుగు వైపులా 91 మెట్లు చొప్పున, పైన గుడి మెట్టు ఒకటి, అన్నీ కలిపితే 365. 2006 నుంచి ఎక్కనివ్వడం లేదు. ఇదంతా ఎక్కడైనా దొరికే సమాచారమే కాబట్టి ఎక్కువ రాయను. నన్ను అక్కడ నిలబెట్టేసింది పిరమిడ్ కాదు, దానికి ఉత్తరాన ఉన్న పెద్ద సెనోటె. సుమారు 60 మీటర్ల వెడల్పు, నిట్టనిలువు గోడలు, అడుగున ఆకుపచ్చ నీళ్లు. చాక్ అనే వాన దేవుడి కోసం అందులో జేడ్ అనే విలువైన ఆకుపచ్చ రాళ్లు, బంగారం, సాంబ్రాణి ముద్దలు వేశారు, మనుషుల్ని కూడా వేశారు. ఎక్కడెక్కడి నుంచో జనం యాత్రగా వచ్చి వేసి వెళ్లిన చోటు అది. చిన్న తుంపర పడుతోంది, నీటి మీద చినుకుల వలయాలు కనిపిస్తున్నాయి. వాన కోసం ఇంత ఇచ్చుకున్న జనం ఎంత భయంలో బతికి ఉంటారా అని ఒకటే ఆలోచన.

ఉష్మాల్‌కి వెళ్లాక ఆ భయం ఇంకా బాగా అర్థమైంది. మెరిడాకి దక్షిణంగా కారులో గంటన్నర లోపే. పూక్ అనే చిన్న కొండల ప్రాంతం అది. మట్టి మంచిది, పంట బాగా పండుతుంది, కానీ దగ్గర్లో సెనోటెలు లేవు, భూగర్భ జలం చాలా లోతులో ఉంది, అప్పటి పనిముట్లతో బావి తవ్వి అందుకోగలిగేంత దగ్గర కాదు. అంటే ఏడాదికి సరిపడా నీళ్లు ఆకాశం నుంచి మాత్రమే రావాలి, అవి కూడా సగం ఏడాదే వస్తాయి. అలాంటి చోట వేలమంది బతికే నగరం కట్టారు. క్రీస్తుశకం 7వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా దాని వైభవం నడిచింది.

టికెట్ దగ్గర రెండు కౌంటర్లు ఉంటాయి, కేంద్ర ప్రభుత్వం రుసుము వేరు, రాష్ట్రం రుసుము వేరు, రెండూ పెసోల్లో కట్టాలి. అవి కట్టి లోపలికి అడుగుపెట్టేసరికే మబ్బు కమ్మేసింది. దారి మొదట్లోనే ఒక చుల్తూన్ ఉంది, అంటే వాన నీళ్లు దాచుకోవడానికి నేలలో తవ్విన తొట్టి. పైకి చూస్తే నేలలో గుండ్రటి రాతి మూతి, అంతకు మించి ఏమీ లేదు, మా ముందు వెళ్తున్న గుంపు దాన్ని ఫోటో కూడా తీయకుండా పిరమిడ్ వైపు వెళ్లిపోయింది. మేం అక్కడే ఆగాం. జల్లు పెద్దదయ్యాక చూస్తే, మూతి చుట్టూ ఉన్న నేల అన్ని వైపుల నుంచీ దాని వైపే వాలుగా ఉంది, సన్నటి పాయలుగా నీళ్లు అటే జారుతున్నాయి.

"అక్కా, గొడుగు తీయనా?"

"ఈ గాలికి గొడుగేం ఆగుతుందే, ఎలాగూ తడిశాం. ఇటు రా, ఈ నీళ్లు చూడు, ఒక్క చుక్క కూడా పక్కకి పోవట్లేదు."

చుల్తూన్ కట్టే పద్ధతి తెలిస్తే వాళ్ల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. పై పొర గట్టి సున్నపురాయి. దానికి చిన్న కన్నం పెట్టి, కింద ఉండే మెత్తటి సుద్దరాతిని సీసా ఆకారంలో తవ్వేస్తారు. మెడ సన్నగా, పొట్ట పెద్దగా. లోపలంతా సున్నంతో మందంగా గచ్చు చేస్తారు, నీళ్లు ఇంకిపోకుండా. మెడ సన్నం కాబట్టి ఎండకి ఆవిరైపోవు, ఆకులూ అలములూ పడవు. పైన చుట్టూ కూడా గచ్చు నేల, అది వానని పట్టి లోపలికి పంపుతుంది. ఇళ్ల ముంగిళ్లు, మెరక మీద కట్టిన వేదికలు, పెద్ద పెద్ద ప్లాజాలు, వీటన్నిటికీ గచ్చు చేసింది అందం కోసమో నడక కోసమో మాత్రమే కాదు, నీళ్లు పట్టడానికి కూడా. దీనికి తోడు ఊరి చుట్టుపక్కల పల్లపు చోట్ల అడుగున మట్టి దిట్టంగా వేసి చెరువులు చేసుకున్నారు. ఇంత గచ్చుకి సున్నం కావాలి, సున్నం కాల్చడానికి అడవంత కట్టెలు కావాలి. ఊరు పెరిగే కొద్దీ నీళ్ల కోసం సున్నం, సున్నం కోసం చెట్లు. ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో ఊహించుకోవచ్చు.

అక్కడి నుంచి మాంత్రికుడి పిరమిడ్ దగ్గరికి. సుమారు 35 మీటర్ల ఎత్తు. మామూలుగా పిరమిడ్‌కి ఉండే చదరపు మూలలు దీనికి లేవు, అడుగు అండాకారంలో ఉంటుంది, వాన పడుతుంటే ఆ గుండ్రటి గోడల మీద నీళ్లు పలచటి పొరగా జారుతూ రాయి రంగంతా మారిపోయింది. గుడ్డులోంచి పుట్టిన ఒక మరుగుజ్జు రాత్రికి రాత్రే దీన్ని కట్టాడని కథ చెబుతారు. అసలైతే ఒకదాని మీద ఒకటిగా ఐదు దశల్లో, తరాల తరబడి కట్టారు. ఇది కూడా ఎక్కనివ్వరు, తడి సున్నపురాయి మీద అడుగు వేసి చూస్తే ఎందుకో చెప్పక్కర్లేదు.

దాని వెనకే ఉంది నేను ఈ ట్రిప్ మొత్తంలో ఎక్కువసేపు గడిపిన చోటు. మధ్యలో పెద్ద ముంగిలి, నాలుగు వైపులా నాలుగు పొడవాటి భవనాలు. లోపల వరసగా చిన్న చిన్న గదులు చూసి స్పెయిన్ వాళ్లు దీనికి సన్యాసినుల మఠం అని పేరు పెట్టారు, ఆ పేరే ఉండిపోయింది, మఠంతో దీనికి ఏ సంబంధమూ లేదు. కింద సగం గోడ నున్నగా, పై సగం నిండా చెక్కడాలు. మూలల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన చాక్ ముఖాలు. ఒక్కో ముఖం ఒకే రాయి కాదు. కంటికి ఒక రాయి, కనుబొమకి ఒకటి, చెవి కమ్మకి ఒకటి, పళ్ల వరసకి వేరే, ముందుకు పొడుచుకొచ్చి వంకర తిరిగిన ముక్కుకి వేరే. అన్నీ విడివిడిగా చెక్కి గోడలో అమర్చారు. ఒకే కొలతతో వందల కళ్లు, వందల కనుబొమలు చెక్కిన పనివాళ్లు ఎక్కడో కూర్చుని ఉంటారు కదా, తమ రాయి ఏ గోడలోకి పోతుందో కూడా తెలియకుండా.

ఒక ముక్కు దగ్గరగా, తల పైకెత్తి చూస్తూ నిలబడ్డాను. పై అంచు నుంచి నీళ్లు దిగి కంటి గుంటలో చేరుతున్నాయి, గుంట నిండాక బుగ్గ మీదుగా ముక్కు మొదట్లోకి, అక్కడి నుంచి ముక్కు వంపు వెంట కొసదాకా వచ్చి, బొట్టు లావెక్కే దాకా ఆగి, అప్పుడు రాలుతోంది. పక్క ముఖానికి ముక్కు విరిగిపోయింది, అక్కడ నీళ్లు గోడ వెంటే జారిపోతున్నాయి, ఆ గోడ మీద నల్లటి చార కట్టింది. ఈ ముఖాలన్నీ చాక్‌వి కావు, వీటిలో చాలావరకు కొండకి ప్రాణం పోసి చేసిన ముఖాలు అని వాదించే పరిశోధకులు కూడా ఉన్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది, మాయా నమ్మకంలో వానమబ్బులు, నీళ్లు పుట్టేది కొండ గుహల్లోనే. కాబట్టి కొండ ముఖమైనా వాన ముఖమైనా అడిగేది మాత్రం ఒకటే అని నాకు అనిపిస్తుంది.

గవర్నర్ భవనం గురించి కూడా చెప్పాలి. ఎత్తైన పెద్ద వేదిక మీద దాదాపు 100 మీటర్ల పొడవు భవనం, ముఖభాగం మొత్తం వేల చెక్కుడు రాళ్లతో అమర్చిన మొజాయిక్. ఊళ్లో మిగతా భవనాలు చూసే దిక్కు ఒకటైతే ఇది వేరేవైపు తిరిగి ఉంటుంది. దాన్ని శుక్రగ్రహం ఉదయాస్తమయాలకి సరిచేసి కట్టారని పరిశోధకులు చాలామంది అంటారు, అక్కడి ముఖాల కళ్ల కింద శుక్రుడి గుర్తులు చెక్కి ఉన్నాయి కూడా. శుక్రుడు సాయంత్రం నక్షత్రంగా ఉత్తరానికి బాగా జరిగే రోజులు వానలు మొదలయ్యే రోజులతో కలుస్తాయి. వేదిక మీదే ఒక మూల తాబేళ్ల ఇల్లు అని చిన్న భవనం, పై అంచు చుట్టూ రాతి తాబేళ్లు వరసగా ఉంటాయి, ఒక్కోదాని చిప్ప మీద చెక్కడం ఒక్కో రకం. అలంకారం చాలా తక్కువ, నాకైతే ఉష్మాల్ మొత్తంలో అన్నిటికంటే అందమైనది అదే.

వాన తెరిపి ఇవ్వగానే ఎక్కడెక్కడి నుంచో ఉడుములంత పెద్ద ఇగ్వానాలు మెట్ల మీదకి వచ్చి పడుకున్నాయి. పాత గోడల కన్నాల్లో గూడు పెట్టుకునే మోట్‌మోట్ పిట్టలు కూడా కనిపించాయి, నీలం ఆకుపచ్చ రంగు, తోక చివర రెండు ఈకలు విడిగా వేలాడుతుంటాయి.

ఉష్మాల్ నుంచి కబా అనే ఇంకో పాత మాయా ఊరికి కూడా వెళ్లాం. పాత రోజుల్లో ఉష్మాల్ నుంచి కబాకి తెల్ల సున్నంతో చేసిన 18 కిలోమీటర్ల రాతి బాట ఉండేది. అక్కడ ఒక భవనం ముందు గోడ మొత్తం, అంగుళం ఖాళీ లేకుండా, వందల చాక్ ముఖాలే. కారు నడిపినాయన మాయా మనిషే, ఇంట్లో మాట్లాడేది యుకటెక్ మాయా. వాళ్ల ఊళ్లో వానలు ఆలస్యమైతే ఇప్పటికీ చా చాక్ అనే పూజ చేస్తారట. పొలం దగ్గర కర్రలతో వేదిక కట్టి, దాని నాలుగు కాళ్ల దగ్గర నలుగురు పిల్లల్ని కూర్చోబెడతారు, వాళ్లు కప్పల్లా బెకబెకమని అరవాలి. చిన్నప్పుడు తను కూడా అరిచానని నవ్వుతూ అరిచి చూపించాడు. మన తెలంగాణ పల్లెల్లో వానల కోసం రోకలికి కప్పని కట్టుకుని ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట గురించి అక్క ఆయనకి వచ్చీరాని స్పానిష్‌లో చెప్పింది. ఆయన కారు పక్కకి ఆపి మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు.

ఇంత చేసినా ఆ ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎందుకన్నదానికి ఒక్క కారణం చెప్పడం కుదరదు, రాజ్యాల మధ్య యుద్ధాలు, వ్యాపార దారులు మారడం, నేల సారం తగ్గడం అన్నీ ఉన్నాయి. కానీ కరువు గురించి ఇప్పుడు గట్టి ఆధారాలు ఉన్నాయి. యుకటాన్‌లో చిచన్‌కనాబ్ అని ఒక సరస్సు ఉంది. నీళ్లు బాగా తగ్గిపోయినప్పుడు అందులో జిప్సం అనే ఖనిజం పేరుకుని అడుగున పొరగా దిగుతుంది. 1995లో ఆ అడుగు మట్టిని తవ్వి తీసి చూస్తే 9, 10 శతాబ్దాల పొరల్లో జిప్సం కనిపించింది. 2018లో అదే సరస్సు జిప్సం లోపల చిక్కుకున్న నీటిని పరీక్షించి, ఆ కరువుల్లో వాన ఇప్పటి సగటు కంటే దాదాపు సగానికి పడిపోయిందనీ, మరీ దారుణమైన కాలంలో 70 శాతం దాకా తగ్గిందనీ లెక్క తేల్చారు. ఆకాశం తప్ప వేరే దిక్కులేని ఉష్మాల్ లాంటి చోట సగం వాన అంటే ఏంటో ఆ చుల్తూన్ మూతి చూశాక నాకు ఎవరూ వివరించక్కర్లేదు. విచిత్రం ఏంటంటే దక్షిణాన తడి ప్రాంతాల్లోని నగరాలే ముందు కూలాయి, నీళ్లకి అలవాటుగా ఇబ్బంది పడిన ఉత్తరం వాళ్లు ఇంకొన్నాళ్లు నిలబడ్డారు. ఇంకోటి, మాయా జనం మాయమైపోయారని రాస్తుంటారు చూడండి, అది తప్పు. ఊళ్లు వదిలారు, మనుషులు ఎక్కడికీ పోలేదు. మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్‌లలో ఈరోజుకీ లక్షలమంది మాయా భాషలు మాట్లాడుతున్నారు, మా కారు నడిపినాయన వాళ్లలో ఒకడు.

తర్వాత పలెంకే, చియాపాస్ రాష్ట్రంలో. మెరిడా నుంచి రాత్రి బస్సు ఎక్కి తెల్లారేసరికి దిగాం. 2023 డిసెంబర్‌లో మొదలైన మాయా రైలు కూడా ఇప్పుడు పలెంకే దాకా వెళ్తుంది. ఉష్మాల్‌లో గొడవంతా నీళ్లు లేక. పలెంకేలో సరిగ్గా దానికి తిరగేసి, నీళ్లు ఎక్కువై. ఏడాదికి 2000 మిల్లీమీటర్లు దాటి వాన పడే చోటు, వెనక అడవి కొండ, కొండ కింద సన్నటి మెరక, దాని మీద ఊరు. ఆ మెరక మీద 50కి పైగా ఊటలు, వాటిలోంచి పుట్టిన వాగులు. ఇల్లు కట్టాలంటే ముందు వాగుని ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి.

ఉదయం గేటు తీసే వేళకే వెళ్లాం. ముసురు పట్టింది. చెట్ల మీద నుంచి హౌలర్ కోతులు ఒకటే గర్జన, మొదటిసారి వింటే ఏదో పెద్ద మృగం అనుకుని గుండె ఆగుతుంది, చూస్తే మాత్రం అంత పెద్దదేం కాదు అది. గైడ్‌గా వచ్చినాయన చోల్ మాయా. రాళ్లలో ఉన్న రాతలు మీ భాషకి దగ్గరా అని అడిగితే, "మా అమ్మమ్మ ఉంటే కొన్ని మాటలు గుర్తుపట్టేది" అన్నాడు. ఆ శాసనాల భాష చోల్ భాషల కుటుంబానికి చెందినదేనని భాషావేత్తలు కూడా చెబుతారు.

ఆయన మమ్మల్ని పిరమిడ్‌కి కాకుండా నేరుగా ఓతులుమ్ వాగు దగ్గరికి తీసుకెళ్లాడు. ఈ వాగు రాజభవనం పక్కనుంచే పారుతుంది. దాన్ని రాతి గోడల మధ్యకి తెచ్చి, రాయి మీద రాయి కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పైన కలిపేసి, దాని మీద ప్లాజా పరిచారు. అంటే మనం నడిచే నేల కింద వాగు. ఎండాకాలం అయితే అక్కడ సన్నటి ధార మాత్రమే చూస్తారట. మేం చూసినప్పుడు ఆ రాతి సొరంగం మూతి నిండా గోధుమరంగు నీళ్లు, చప్పుడుకి గైడ్ మాట వినిపించక సైగలతో మాట్లాడుకున్నాం. పైన ప్లాజాలో మాత్రం నీళ్లు నిలవలేదు. ఎప్పుడో 7వ శతాబ్దపు పని, ఆ రోజు మా కళ్ల ముందు దాని డ్యూటీ అది చేస్తూనే ఉంది.

ఇక్కడే పియెద్రాస్ బోలాస్ అని ఇంకో కాలువ ఉంది, జనం తిరిగే వైపు కాదు. దాని లోపల దారి వెడల్పుగా ఉండి, చివర్లో ఒక్కసారిగా ఇరుకైపోతుంది. వాలు మీద వచ్చే నీళ్లు ఆ ఇరుకులో పడితే ఒత్తిడి పుడుతుంది. 2010లో కిర్క్ ఫ్రెంచ్, క్రిస్టఫర్ డఫీ అనే పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కలు వేసి, ఆ ఒత్తిడికి నీళ్లు 6 మీటర్ల ఎత్తుకి లేచి ఉండొచ్చని చూపించారు. అప్పటిదాకా అమెరికా ఖండాలకి నీటి ఒత్తిడి పరిజ్ఞానం స్పెయిన్ వాళ్లతోనే వచ్చిందని అనుకునేవారు.

రాజభవనం మేం వెళ్లినప్పుడు తెరిచే ఉంది, మరమ్మతులని అప్పుడప్పుడు మూస్తుంటారు. కుండపోత మొదలవగానే అందరం వసారాల్లోకి పరిగెత్తాం. అక్కడ నిలబడి చూస్తే పైకప్పు వాలుగా ఉంది, చూరు బయటికి బాగా పొడుచుకొచ్చింది, నీళ్లు స్తంభాలకి తగలకుండా దూరంగా పడుతున్నాయి. ఆ స్తంభాల మీద సున్నపు గారతో చేసిన బొమ్మలు ఉన్నాయి, రాజులు, నాట్యం చేసేవాళ్లు, శాసనాలు. ఒకప్పుడు వీటికి ఎరుపు, నీలం రంగులు. 13 వందల ఏళ్ల వానలో సున్నపు బొమ్మ ఇంకా ముక్కూ వేళ్లూ తెలిసేలా ఉందంటే ఆ చూరు పుణ్యమే. చూరు విరిగిన చోట బొమ్మ కూడా పోయింది, పక్కపక్కనే ఉన్న రెండు స్తంభాలు చూస్తే చాలు. అక్క అక్కడే కూర్చుని, "ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనకే, వాన ఆగేదాకా ఇదే మా ఇల్లు" అంది. గంటసేపు కదల్లేదు ఎవరం.

ఎదురుగా శాసనాల గుడి. దాని కింద కినిచ్ హనాబ్ పకాల్ సమాధి. 603లో పుట్టి, 615లో 12 ఏళ్లకే గద్దెనెక్కి, 683లో పోయేదాకా ఏలినవాడు. గుడి నేలలో ఒక పలకకి వరసగా కన్నాలు ఉండటం చూసి ఆల్బెర్టో రూస్ అనే పురావస్తు శాస్త్రవేత్తకి అనుమానం వచ్చింది. లేపి చూస్తే కిందికి మెట్లు, రాళ్లూ మట్టీ కూరి మూసేసి ఉన్నాయి. అవి తీయడానికే కొన్నేళ్లు పట్టింది, 1952లో అడుగుకి చేరాడు. టన్నుల బరువున్న చెక్కుడు మూత, కింద రాజు, ముఖానికి జేడ్ ముసుగు. సమాధిలోకి ఇప్పుడు పంపరు. ముసుగు మెక్సికో సిటీ మ్యూజియంలో ఉంది, 1985లో అది దొంగల పాలై, నాలుగేళ్లకి దొరికింది.

ఆ మూత మీద బొమ్మ గురించి ఒక మాట. యూట్యూబ్‌లో దాన్ని రాకెట్ నడుపుతున్న వ్యోమగామి అని చూపిస్తారు, తెలుగులో కూడా బోలెడు వీడియోలు. చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. అది పకాల్. పాతాళం నోటి మీద వెల్లకిలా వాలి ఉన్నాడు, అతని మీదుగా లోకాన్ని నిలబెట్టే చెట్టు లేస్తోంది, దాని మీద పక్షి. మొక్కజొన్న గింజ మట్టిలోకి పోయి మళ్లీ మొలిచినట్టు రాజు తిరిగి లేస్తాడని చెప్పే బొమ్మ. చెక్కినవాడు అంత లోతుగా ఆలోచించి చెక్కితే, దాన్ని తీసుకెళ్లి గ్రహాంతరవాసుల ఖాతాలో వేయడం అంటే ఆ మనుషులకి అంత తెలివి లేదనడమే. మాయా క్యాలెండర్ ప్రకారం 2012లో యుగాంతం అని మన టీవీ ఛానళ్లు నెలల తరబడి భయపెట్టాయి గుర్తుందా? ఇదే గుడి శాసనంలో పకాల్ పట్టాభిషేకం వార్షికోత్సవం లెక్కగడుతూ క్రీస్తుశకం 4772 దాకా వెళ్లారు. 2012లో లోకం పోతుందనుకున్నవాళ్లు 4772 గురించి ఎందుకు రాస్తారు?

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద వార్త మాత్రం 2016ది. ఆ గుడి అడుగు భాగం తవ్వుతుంటే, పకాల్ సమాధి కిందుగా ఒక రాతి నీటి కాలువ బయటపడింది. ఊట ఉన్న చోటే చూసుకుని దాని మీద పిరమిడ్ కట్టారని, రాజు ప్రాణం నీటి దారిలో పాతాళానికి చేరాలన్నది ఉద్దేశమని తవ్వినవాళ్లు భావిస్తున్నారు. బతికున్నప్పుడు వాగుల్ని దారిలో పెట్టుకుని ఊరేలినవాళ్లు, పోయేటప్పుడు కూడా వాగునే దారిగా అనుకున్నారు. గైడ్ ఇది చెబుతున్నప్పుడు మా కాళ్ల చుట్టూ మడమ లోతు నీళ్లు ఆ గుడి మెట్ల పక్కనుంచే దిగుతున్నాయి.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. ఉదయం గేటు తీసేసరికి అక్కడ ఉండండి, పెద్ద వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. అడుగున పట్టు బాగా ఉన్న బూట్లు కావాలి, చెప్పులతో తడి సున్నపురాయి మీద నడవొద్దు. గొడుగు కంటే రెయిన్‌కోట్ మేలు. దోమల మందు తప్పనిసరి. పలెంకేలో నేషనల్ పార్క్ రుసుము వేరేగా కట్టాలి, చిల్లర పెసోలు దగ్గర ఉంచుకోండి. మ్యూజియంలో పకాల్ రాతి శవపేటిక నకలు అసలు కొలతల్లో ఉంది, తప్పకుండా చూడండి, సోమవారం మాత్రం మూసి ఉంటుంది. తుఫాను హెచ్చరిక వస్తే ప్లాన్ మార్చుకోండి, మొండిగా వెళ్లొద్దు.

ఈసారి గ్వాటెమాలాలో ఉన్న తికాల్ అనే మాయా నగరం చూడ్డం కుదరలేదు. అక్కడ ఒక రిజర్వాయర్‌కి వచ్చే నీళ్లని జియోలైట్ అనే ఖనిజం, స్ఫటిక ఇసుకతో వడకట్టేవారని 2020లో బయటపెట్టారు, 2000 ఏళ్లకి పైబడిన ఫిల్టర్ అది. ఆ జియోలైట్ దగ్గర్లో దొరికేది కాదు, ఎన్నో కిలోమీటర్ల దూరం నుంచి మోసుకొచ్చారు. అక్క ఇప్పటికే సెలవులు అడుగుతోంది, ఏ నెల అని నేను అడగలేదు, సెప్టెంబరే.